నాలుగు హిందీ మాటలు

పరదేశమునకు బయలుదేరువారు మూట గట్టుకొను వస్తువులలో భాష యొకటి. బట్టలు, మందులు, ఊరగాయలు ఇంటివారందరును గూడి సర్దుదురు. భాషను మాత్రము ప్రయాణము చేయువారు తామే, పదిపదునైదు దినములు ముందుగా, చిన్న పుస్తకమును జూచియో, చేతిఫోనులోని పాఠములను వినియో, తెలిసినవారి నడిగియో సర్దుకొందురు. ఆ చిన్నమూటలో నేమేమి పెట్టుకొనవలెనన్నది జ్ఞాపకశక్తికిని వ్యాకరణమునకును సంబంధించిన ప్రశ్న యని లోకుల తలంపు. అది నీతికి సంబంధించిన ప్రశ్న యని మా తలంపు. ఇందునకు హిందీ మంచి యుదాహరణము. గడచిన రెండువందల యేండ్లలో ఓడ యెక్కుటకు ముందో, యెక్కిన పిమ్మటనో కొంచెము హిందీ నేర్చుకొన్నవారు పలువిధములవారు కలరు. ఏలుటకు వచ్చినవారు నేర్చుకొనిరి. కూలికి పోయినవారు నేర్చుకొనిరి, నేటికిని నేర్చుకొనుచున్నారు. వీరిరువురు నేర్చినది ఒకే భాషయైనను, నేర్చిన మాటలు మాత్రము వేఱు.

కొంచెపు భాషను గూర్చి పెద్దలలో రెండభిప్రాయములు గలవు. వచ్చీరాని భాషలో మాటలాడుట యొక వేషము, ఎదుటివారు నవ్వుకొనుటకే యది పనికివచ్చును, నేర్చినచో సమగ్రముగ నేర్వవలెను లేదా దుబాసి నాశ్రయింపవలెను అని కొందరందురు. ఎంత నేర్చిన నంత మేలే, నీళ్లడుగుటకును దారి యడుగుటకును వచ్చిన చాలునని మరికొందరందురు. ఈ యుభయులును పరిమాణమునే చూచుచున్నారు. ఏ భాషయైనను కొంచెముగానే మొదలగును గదా. పసిబిడ్డయు నాలుగు మాటలతోనే మొదలుపెట్టును. అయితే పసిబిడ్డ మొదట నేర్చునవి పిలుపులు: అమ్మ, తాత, అత్త. పెద్దవాడు పరభాషలో మొదట నేర్చునది చాలతావుల ఆజ్ఞ. చూడవలసినది ఈ భేదము.

ఆంగ్లేయుల చరిత్రము నెత్తుకొందము. 1782లో వైద్యుడుగా బొంబాయికి వచ్చిన జాన్ బోర్త్‌విక్ గిల్‌క్రిస్టు హిందుస్తానీ నేర్చి, 1800లో కలకత్తాయందు స్థాపితమైన ఫోర్టు విలియము కళాశాలలో ఆ భాష కాచార్యుడాయెను. ఆ కళాశాల పోషణమున మీర్ అమ్మన్ 'బాగ్ ఓ బహార్'ను, లల్లూలాల్ 'ప్రేమసాగర్'ను రచించిరి. ఉర్దూ వచనమునకును హిందీ వచనమునకును ఆ కళాశాల చేసిన యుపకారము చిన్నది కాదు. అయినను అదే గిల్‌క్రిస్టు క్రొత్తగా దిగు దొరలకై కూర్చిన సంభాషణములను తిరుగవేసి చూచినచో అందు పెక్కుభాగము పనివారి కిచ్చు ఉత్తరువులే కనబడును. 1806లో స్థాపింపబడి 1858లో మూతపడిన, హెయిలీబరీ కళాశాల యని ప్రసిద్ధిగాంచిన విద్యాలయములో కుంఫిణీవారు తమ పడుచు కొలువుగాండ్రకు ఇంగ్లండులోనే, ఓడ యెక్కకముందే, ప్రాచ్యభాషలు నేర్పించుచుండిరి. ముందుగా నేర్చుకొని రావలెనన్న బుద్ధి మంచిదే. ఏ పనికి నేర్చుకొనుచున్నారో దానిని బట్టి మాటల యెంపిక జరిగినది.

దొరసానుల సంగతి యింకను స్పష్టము. 1888లో ఫ్లోరా ఆనీ స్టీలు, గ్రేస్ గార్డినరు అను నిరువురు స్త్రీలు ఇండియాకు క్రొత్తగా కాపురమునకు వచ్చు ఆంగ్లయువతులకై గృహనిర్వహణమును గూర్చి యొక పెద్ద గ్రంథము వ్రాసిరి. ఇంటి యజమానురాలు హిందుస్తానీ నేర్చి తీరవలెనని అందు గట్టిగా చెప్పబడినది. హేతువేమనగా, పనివారికి తెలియునట్లు ఆజ్ఞ లీయగలుగుట ఆమెకు మొదటి ధర్మమట. భాషకు గల ప్రయోజనములలో మొదటి పీట ఆజ్ఞకు వేయబడినది. 1924లో వెలువడిన ఫార్‌స్టరు నవల 'ఎ పాసేజ్ టు ఇండియా'లో కలెక్టరు భార్య యొకతె కనబడును. ఆమె పనివారితో మాటలాడుటకే ఉర్దూ నేర్చినదగుటచే మర్యాదరూపము లొక్కటియు నెఱుగదు, క్రియలలో విధిరూపములు మాత్రమే యెఱుగును. విందునకు వచ్చిన కులీనస్త్రీలయెదుట నిలువబడి పలుకరించుటకు ఆమె నేర్చిన భాషలో మాటయే లేదు. కల్పితపాత్రయే కావచ్చును. ఆ గృహనిర్వహణ గ్రంథమును చదివిన పిమ్మట ఆ కల్పన యతిశయోక్తి యని మాకు తోపలేదు.

బంగాళ రాజధానిలో దొరలు నౌకరును పిలుచుటకు 'కోయీ హై' యని కేకవేయుచుండిరి. అచట నెవరైన నున్నారా యని దాని యర్థము. పేరు పెట్టి పిలువ నక్కఱలేని మనుష్యులు ఇంటినిండ నున్నప్పుడు పుట్టు కేక యది. తుదకు ఆ కేకయే వారికి పేరై, అచట చిరకాలము కొలువుచేసిన యాంగ్లేయుని 'క్వీ హై' యని పిలువసాగిరి. 1886లో వెలువడిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువునకు ఆ మాట యెక్కినది. ఇతరులను పేరులేనివారినిగా పిలిచినవారికి ఆ పిలుపే పేరైనది.

స్టీలు దొరసానిని గూర్చి మాత్రము మేము తొందరపడి తీర్పు చెప్పజాలము. ఆమె పంజాబున ఏండ్లతరబడి కాపురముండి, పల్లెజనుల నోటివెంట వచ్చు కథలను విని, వ్రాసికొని, 1884లో టెంపుల్ అను నుద్యోగితో గూడి యచ్చు వేయించెను. ఆజ్ఞ లిచ్చుటకు పనికివచ్చు భాషతోనే ఆమె కథ వినుటకును కూర్చుండెనన్నమాట. కథ వినువారు ఆజ్ఞ యీయజాలరు. ఊకొట్టవలెను, నడుమనడుమ 'తరువాత?' అని యడుగవలెను, చెప్పువారు చెప్పినంతవఱకు ఓపిక పట్టవలెను. ఆ యొక్క స్త్రీయందే ఈ రెండు భాషలును వసించినవి. తన తరువాత వచ్చు యువతులకు నేర్పదలచినపుడు ఆమె మొదటిదానిని ముందు పెట్టెను, రెండవదానిని గాదు. ఇదియే మాకు విచారము కలిగించునది.

వారికి పనివారితోనే పని, అవసరమైన మాటలనే నేర్చిరి, ఇందు దోషమేమి యని యెవరైన నడుగవచ్చును. దోషము అవసరమునందు లేదు. నీళ్లు కావలసినవాడు నీళ్లడుగవలసినదే. 'పానీ లా', 'పానీ లావో', 'పానీ లాయియే' అను మూడు వాక్యములును నేర్చుటకు శ్రమ యొక్కటే, ఒక్క యక్షరపు భేదము. మన తెలుగున 'నీవు', 'మీరు' అని రెండు మెట్లు. హిందీలో 'తూ', 'తుమ్', 'ఆప్' అని మూడు. వానిలో 'తూ' యనునది విచిత్రమైనది. దేవునికిని, ఒడిలోని బిడ్డకును, నీచముగ జూడబడు మనుష్యునికిని అదే మాట. క్రొత్తవాడు ఆ మూడింటిని సందర్భమెఱిగి వాడుట కష్టమే, ఒప్పుకొందము. అట్టివానికి సులభమైన దారి యొకటి కలదు: 'ఆప్' నొక్కదానిని నేర్చుకొని తక్కిన రెంటి జోలికి పోకుండుట. రిక్షా నడుపువారిని 'ఆప్' అన్నచో వారు వింతపడుదురేమో గాని నొచ్చుకొనరు. నాలుగు మాటలే నేర్చువానికి మర్యాద నేర్చుటకు తీరిక లేదనుట చెల్లదు. ఆ నాలుగింటిని ఏ రూపమున నేర్చుకొనవలెనన్నది అతని చేతిలోనే యున్నది.

ఈ సందర్భమున నేటి ప్రయాణపు చిన్నపుస్తకములను గూర్చి యొక మాట. వీనిలో ఆజ్ఞల పాలు తగ్గినది, సంతోషము. వాని స్థానమున 'ధన్యవాద్', 'శుక్రియా' యనునవి మొదటి పుటలో వచ్చి కూర్చున్నవి. పాశ్చాత్యదేశములనుండి వచ్చు యాత్రికులు వానిని వల్లెవేసి, టీ యిచ్చినవారికిని చిల్లర తిరిగియిచ్చినవారికిని అప్పగింతురు. తప్పు లేదు. కాని మనయిండ్లలో అన్నము వడ్డించిన తల్లికి ధన్యవాదములు చెప్పు నాచారము మనకు లేదు, హిందీవారికిని లేదు. చెప్పినచో ఆమె పరాయిదానిని జేసితివా యని నొచ్చుకొనును. మన మర్యాద విడిమాటలో నుండదు, క్రియాపదము చివర నుండును, వరుస పెట్టి పిలుచుటలో నుండును. 'భయ్యా', 'దీదీ', 'చాచా', 'మాజీ' యను నాలుగు వరుసలు నేర్చుకొన్న పరదేశి నలువది ధన్యవాదములు నేర్చినవానికంటె త్వరగా ఇంటిలోనికి పిలువబడును. పిల్లవాడు మొదట పిలుపులు నేర్చునంటిమి గదా, ఈ విషయమున పిల్లవాడే మంచి యుపాధ్యాయుడు.

ప్రయాణము చేయకయే హిందుస్తానీ నేర్చిన యొక స్త్రీ వృత్తాంతము ఇచట చెప్పదగియున్నది. 1887 జూన్‌లో, తన సింహాసనారోహణపు స్వర్ణోత్సవ సంవత్సరమున, విక్టోరియా రాణి కొలువునకు ఆగ్రానుండి అబ్దుల్ కరీము అను నిరువదినాలుగేండ్ల యువకుడు వచ్చెను. మొదట భోజనపు బల్లయొద్ద సేవకుడు. కొలదికాలములోనే ఆమెకు మున్షీ యాయెను. అరువదియెనిమిదేండ్ల యామె యాతనియొద్ద హిందుస్తానీ మొదలుపెట్టి, మరణమునకు కొంచెము ముందువఱకు, పదుమూడేండ్లు విడువక నేర్చెను. ఉర్దూ లిపిలో ఆమె వ్రాసికొన్న దినచర్యలు 13 సంపుటములు. ఆమె చిన్నపుస్తకములో గ్రుడ్డు సరిగా నుడుకలేదని చెప్పుటకు వలసిన వాక్యమును గలదు, మున్షీ లేనిచో మిగుల వెలితిగా నుండునను నర్థముగల వాక్యమును గలదు. మొదటిది యజమానురాలిది, రెండవది శిష్యురాలిది. కోట్లమందికి చక్రవర్తిని యనిపించుకొన్న యామె తన యింటి పనివానియెదుట తప్పులు దిద్దించుకొనుచు కూర్చుండెను. ఇది చిన్న విషయము గాదు. దానిని మించిన విషయమనియు భ్రమింపగూడదు. ఆమె హిందుస్తానీ నేర్చినందున ఈ దేశపు పన్నులలో దమ్మిడీ తగ్గలేదు. 1901లో ఆమె కన్నుమూయగనే ఏడవ ఎడ్వర్డు ఆ మున్షీ యొద్ద నున్న యుత్తరములను తగులబెట్టించి యాతనిని స్వదేశమునకు పంపివేసెను. ఒక్కరి మర్యాద ఎంత నిజమైనదైనను రాజ్యమును మార్చజాలదు. మాటనేర్పు న్యాయమునకు బదులు గాదు. ఈ రెంటిని కలిపివేయు నుపన్యాసకులు మనలో నున్నారు గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది.

హిందీ కాకున్నను, ఈ సందర్భమున మనవారు బ్రౌనును దలంపకమానరు. 1817లో మద్రాసునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను కొలువునకై తెలుగు నేర్చెను, ఉత్తరువుచేతనే నేర్చెను. 1820లో కడపకు చేరి, 1824 మొదలు వేమన పద్యములను వెదకి, 1829లో అచ్చు వేయించి, 1852 నాటికి నిఘంటువును వెలువరించెను. ఉత్తరువుతో మొదలైన భాష ఉత్తరువులతోనే నిలిచిపోవలెనను నియమము లేదనుటకు ఆయనయే సాక్షి. అయితే ప్రతి యాత్రికుని బ్రౌను కమ్మనుట న్యాయము గాదు. మేము మాటలాడుచున్నది పదిదినములలో బయలుదేరువారిని గూర్చి.

ఇక రెండవ పక్షమునకు వత్తము. 1879 మొదలు 1916 వఱకు అరువదివేల చిల్లర జనము ఒప్పందపు కూలీలుగా ఫిజీ దీవుల చెఱకుతోటలకు పోయిరి. 1903 మొదలు మద్రాసు రేవునుండియు ఓడలు పోయినవి, వానిలో మన విశాఖపట్టణపు సీమవారు నుండిరి. తెలుగువారును తమిళులును ఓడలోను తోటలలోను మొదటిసారి హిందుస్తానీ వినిరి. తోటలలో పై యజమానులైన తెల్లవారును ఆ భాషనే కొంత నేర్చి, దానితోనే పని చేయించుచుండిరి. ఆ యజమానికి కూలీలు పెట్టిన పేరు 'కులంబర్'. ఉదయమున వరుసగా నిలువబెట్టి సంఖ్య చెప్పుమనుటకు ఇంగ్లీషున వేయు కేకనుండి ఆ పేరు పుట్టినదని చెప్పుదురు. బంగాళమున 'క్వీ హై', ఫిజీలో 'కులంబర్'. పేరు లేని పిలుపు ఒకచోట, పేరునకు బదులు అంకె మరియొకచోట. విన్నవారు రెంటిని మరువలేదు.

ఫిజీ కథకు మరియొక భాగము కలదు, అది చెప్పకున్నచో అన్యాయమగును. కూలికి నేర్చిన ఆ హిందీయే అచటి తెలుగువాని మనుమలకు ఇంటిభాష యాయెను. తెలుగు నిలుపుకొనవలెనని వారు 1941లో ఆంధ్రసంఘమును స్థాపించుకొనిరి. అయినను వీధిలోను విపణిలోను పలుకునది ఫిజీ హిందీయే. 2013 నాటి ఫిజీ రాజ్యాంగము అచటి ప్రాథమిక పాఠశాలలన్నింటను ఇతౌకేయి భాషయు, ఫిజీ హిందీయు వాడుకరూపమున తప్పనిసరిగా నేర్పవలెనని విధించినది. స్థానికుల బిడ్డలు వచ్చినవారి భాష కొంచెము, వచ్చినవారి బిడ్డలు స్థానికుల భాష కొంచెము నేర్వవలెనన్నమాట. అమలు ఎట్లున్నను విధి మెచ్చదగినది. ఒకరే నేర్చుకొనునపుడు, ఆ యొకరు సేవకులైన బానిసతనపు వాసనయు, ప్రభువులైన పెత్తనపు వాసనయు కొట్టును.

నేడు మన రెండు తెలుగురాష్ట్రములనుండి గల్ఫుదేశములకు పోవువారు లక్షలకొలది. కరీంనగరము, నిజామాబాదు సీమలనుండి పురుషులు కట్టడపు పనులకును, కడప, గోదావరి జిల్లాలనుండి స్త్రీలు ఇంటిపనులకును పోవుచున్నారు. వారు పోవునది అరబ్బీదేశములకు, ముందుగా నేర్చునది హిందీ. వింతగా దోచును గాని హేతువున్నది. ఆ తీరమునకును బొంబాయికిని వర్తకము అనాదినుండి యున్నది. మన రూపాయియే అచట చెల్లుచుండెను. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫునకై వేఱు రూపాయిని ముద్రించెను, 1961లో కువైటు తన దీనారును దెచ్చుకొన్నది. నేటికిని కువైటులో విమానము దిగినవాని కెదురగు బండి నడుపువారు, అంగడివారు, తోటి పనివారు ఉత్తరదేశము, పాకిస్తాను, నేపాలు, బంగ్లాదేశములవారు. వీరందరి నడుమ పొత్తుభాష హిందీ, లేదా ఉర్దూ, ఏ పేరు పెట్టినను సరే. 2019 ఫిబ్రవరిలో అబూధాబీ న్యాయశాఖవారు తమ న్యాయస్థానములలో అరబ్బీ, ఇంగ్లీషులకు తోడు హిందీని మూడవ భాషగా జేర్చిరి. జీతము రాని కూలివాడు తన ఫిర్యాదును హిందీలో నీయవచ్చును. నాలుగు మాటల హిందీ వానికి మర్యాద మాత్రమే గాదు, అన్నము.

అట్టివాడు ఆ హిందీలో ఏమి నేర్చుకొని పోవుచున్నాడు? ఇచటనే మా మనస్సు కలతపడినది. మేమెఱిగిన కడప జిల్లా కుటుంబమొకటి కలదు. ఆ యింటి యక్క కువైటునకు పోవ సిద్ధమగుచుండగా, బొంబాయిలో రెండేండ్లు పనిచేసి వచ్చిన తమ్ముడు సాయంకాలములందు ఆమెకు హిందీ చెప్పుచుండెను. 'జీ మేడమ్', 'అచ్ఛా', 'ఠీక్ హై', 'అభీ కర్తా హూ'. ఆమెయు శ్రద్ధగా అప్పగించుచుండెను. పొరుగింటి చిన్నమ్మ యొకతె, తొమ్మిదేండ్లు ఆ దేశమున పనిచేసి వచ్చినది, ప్రహరీగోడ కావలనుండి విని నవ్వినది. ఆడుదానవు 'కర్తీ హూ' అనవలె గాని 'కర్తా హూ' అందువేమే యని దిద్దినది. 'చేసెదను' అని మనము తెలుగున చెప్పునపుడు చెప్పువారు స్త్రీయో పురుషుడో ఆ మాటలో దెలియదు, హిందీలో దెలియును. తమ్ముడు తాను పలుకునట్లు చెప్పెను, అక్క తమ్ముడు చెప్పినట్లు పలికెను, అది స్వాభావికమే. ఆ చిన్నమ్మ యంతటితో నాగలేదు. "ఔననే మాటలన్నీ నేర్పితివి, కాదనే మాట యేది నాయనా?" అని యా పిల్లవాని నడిగినది.

మేము గిల్‌క్రిస్టు సంభాషణములను జదివి తెలిసికొన్నదానికంటె ఆ ప్రశ్నవలన తెలిసికొన్న దెక్కువ. దొర నేర్చినది 'తెమ్ము', 'పొమ్ము'. కూలి నేర్చినది 'చిత్తము', 'ఇదిగో చేసెదను'. ఒకే సంభాషణమును రెండు ముక్కలుగా కోసి చెరియొకటి పంచుకొన్నట్లున్నది. 'ఏల?' అను మాట యిరువురి మూటలోను లేదు. 'వద్దు' అను మాట కూలి మూటలో లేదు. ఆజ్ఞ మాత్రమే యెఱిగినవాడు ఎదుటివాని బదులు వినలేడు. అంగీకారము మాత్రమే యెఱిగినవాడు తన బాధ చెప్పలేడు. భాష కొంచెమైనందుననే వారిట్లుండిరనుట సరిగాదు. ఆ కొంచెమును ఇట్లు కోసినందున ఉండిరి.

ఉత్తరతెలంగాణ పల్లెవాని కిందులో కొంత సౌకర్యము కలదు. హైదరాబాదు సంబంధముచే దక్కనీ మాటలు వాని చెవిని బడియే యుండును. అందు 'నక్కో' యను చక్కని మాట యున్నది. వద్దు, కూడదు అను నర్థములన్నియు ఆ రెండక్షరములలో నిమిడియున్నవి. లక్నోవాడు విని నవ్వవచ్చును, మహారాష్ట్రుడు తన మాటయే గదా యని సంతోషింపవచ్చును. నవ్వినను మేలే, అర్థమగును గదా.

2015లో కువైటువారు చేసిన 68వ సంఖ్య శాసనము ఇంటి పనివారికి వారమున కొకదినము సెలవు, దినమునకు పండ్రెండు గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని యుంచుకొనకుండుట మున్నగు రక్షణలు కల్పించినది. శాసనము కాగితముమీద నున్నది. దానిని నోటితో పలుకుటకు పనిమనిషికి వాక్యము కావలెను. 'మేరా పాస్‌పోర్ట్ దీజియే', 'ఆజ్ మేరీ ఛుట్టీ హై', 'తన్‌ఖ్వా కబ్ మిలేగీ', 'మై నహీ కర్ సక్తీ'. ఇంటి యజమానురాలికి హిందీ రాకపోవచ్చును. ఆ వాక్యములు ముందుగా బండి నడుపు పంజాబువానితోనో, ప్రక్కయింటి నేపాలు స్త్రీతోనో చెప్పుకొనవలసివచ్చును, వారు అరబ్బీలో చేరవేయుదురు. మాట యొకచోట పుట్టవలెను గదా. అరబ్బీలో ఈ నాలుగును నేర్చుకొన్నచో మరింత మంచిది. 'మై నహీ కర్ సక్తీ' యన్నంతనే గొలుసులు తెగునని మేము చెప్పుట లేదు. విక్టోరియా రాణి కథలో జెప్పినదే ఇచటను వర్తించును, మాట న్యాయమునకు బదులు గాదు. మాటయే లేనిచోట న్యాయము వినునది యేమి?

విహారమునకు వచ్చువారికిని, కూలికి పోవువారికిని ఉమ్మడిగా పనికివచ్చు మొదటి వాక్యమొకటి మాకు దోచుచున్నది: 'ముఝే థోడీ హిందీ ఆతీ హై, ధీరే బోలియే.' నాకు హిందీ కొంచెమే వచ్చును, మెల్లగా చెప్పుడు అని. రెండు మాటలు చక్కగా పలికినవానిని జూచి ఎదుటివారు తమ భాష పూర్తిగా వచ్చుననుకొని ధారాళముగ మాటలాడసాగుదురు. అప్పుడు తల యూపుచు నిలుచుండుట నటన, దానివలన కీడును గలుగును, సంతకములు సహితము అట్లు తలయూపియే పెట్టినవారున్నారు. తన కొంచెము కొంచెమేనని ముందుగా చెప్పుకొనువాడు వేషధారి కాడు. ఈ వాక్యములో మరియొక విశేషము కలదు. హిందీవారు భాష 'ఆతీ హై' అందురు, మనము భాష 'వచ్చును' అందుము. ఇరుభాషలలోను భాషయే నడచివచ్చును, మనుష్యుడు దానిని పట్టితెచ్చుకొనుట లేదు. వచ్చుదానికి తలుపు తీసియుంచవలెను, అంతియే.

మన యిండ్ల సంగతియు నొకింత చూచుకొందము. నేడు హైదరాబాదున మేడలు గట్టువారిలోను, మన వీధులలో పనిచేయువారిలోను బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశముల వా రెందరో కలరు. వారితో పనిబడిన మన గృహిణులును, ఉద్యోగులును నేర్చిన హిందీ యెట్టిది? 'ఇధర్ ఆవో', 'జల్దీ కరో', 'కిత్నా లేగా'. దుబాయిలోని మనవాని యెడ మేస్త్రీ పలుకు హిందీయు ఇదియే. తన కొడుకునకు అచట 'ఆప్' అను నొక్క మాట దక్కవలెనని కోరుకొను తల్లి తన గుమ్మమున ఇటుకలు మోయు పిల్లవానిని 'తూ' అనుచున్నచో ఆ రెంటికి సంబంధము లేదని మేమనుకొనము. 'తుమ్‌హారా నామ్ క్యా హై' యని కాక 'ఆప్‌కా నామ్ క్యా హై' యని యడుగుడు. ఏ యూరివాడో, ఇంటికి ఫోను చేసి యెన్నాళ్లాయెనో యడుగుడు. విదేశయాత్ర లేకున్నను ఈ యభ్యాసము చేయవచ్చును.

ఇక ఈ నాలుగు మాటలను నేర్పువారెవరు? పుస్తకములు గలవు, ఫోనులో పాఠములు గలవు, వానిని త్రోసిపుచ్చము. కాని ప్రతి పల్లెలోను తిరిగివచ్చినవారు కలరు. పనిచేసి, పడవలసిన పాట్లు పడి, ఇల్లు కట్టుకొని యరుగుమీద కూర్చున్న యట్టి స్త్రీలను మనము వారు తెచ్చిన బంగారమును గూర్చి యడుగుదుము, అచటి యెండలను గూర్చి యడుగుదుము. ఏ మాట రాక కష్టపడితివమ్మా యని యడుగము. మహిళాసంఘములవారు పొదుపు లెక్కలు ముగిసిన పిమ్మట అరగంట వీరిని కూర్చుండబెట్టి, పోవువారి కెదుట మాటలాడించినచో దానికి వ్యయము లేదు. పైన జెప్పిన చిన్నమ్మను మే మీ ప్రశ్నయే యడిగితిమి. నీళ్లును, అన్నమును సైగచేతనైన దొరకునని యామె చెప్పినది. ఆమెకు మొదటి రాత్రి కావలసివచ్చి దొరకని మాట వేఱు. పండుకొనుటకు గది చూపినపుడు, ఆ యింట ముందునుండి పనిచేయుచున్న యామెను 'అందర్ సే కుండీ హై క్యా' యని, తలుపునకు లోపలి గడియ యున్నదా యని, యడుగవలసియుండెనట. మేము చూచిన చిన్నపుస్తకములలో నొక్కదానియందును ఈ వాక్యము లేదు.